తెడ్డు చప్పుడు

సంకటి కెలికినాక
తెడ్డుకు అంటుకున్న ముద్ద రాలాలని
కుండ అంచున రెండు దెబ్బలు కొడతాను.
మా అమ్మా కొట్టేది, మా అవ్వా కొట్టేది.
మాకు ఆ చప్పుడు చెవినే పడదు.
వాడికి మాత్రం పేరు పెట్టి పిలిచినట్టే.

యాడున్నా వచ్చేవాడు.
ఎర్రగుంట్ల రైల్వే గేటు కాడ
కుక్కల పంచాయితీ నడిమధ్యలో వదిలేసి
తోక ముందో తల ముందో తెలీకుండా
వాకిట్లో వచ్చి పడేవాడు.
అడుగు మాడు వాడిది.
ఆరేండ్లుగా ఈ ఇంట్లో దానికెవరూ పోటీ రాలేదు.

పేరు సున్నప్ప.
బండల పాలిష్ ఫ్యాక్టరీ బురదగుంటలో పడి
తెల్లగా గడ్డకట్టిన కుక్కపిల్లను
మా ఆయన టిఫిన్ సంచిలో తెచ్చినాడు.
మూడు బకెట్ల నీళ్లు పోస్తే
లోపల్నుంచి బొగ్గులాగా బయటికొచ్చినాడు.
అప్పటికే హారిక పేరు పెట్టేసింది.
పేరు కడిగితే పోదు కదా.

మంగళవారం పొద్దున
గడపకడ్డంగా పడుకున్నాడు.
చంకన నీళ్ల బిందె, కరెంటు పోయే టైము.
కాలితో తోసి "పో" అన్నాను.
అంతే.
మనుషులకైతే అట్లా అనము.
సంతకు పోయే మనిషికి కూడా "పోయిరా" అంటాము,
ఆ "రా" తగిలించకుండా ఎవరినీ గడప దాటించము.
వాడికి సగం మాటే ఇచ్చినాను.
చెప్పిన మాట వినేవాడు, లేచి పోయినాడు.
ఎదురుగా బండలెత్తడానికి నిలబడిన లారీ కింద
నీడ చల్లగా ఉండినట్టుంది.

క్లీనరు పిల్లగాడు
వెనకనుంచి అరుస్తా ఉన్నాడు
రానీ... రానీ... రానీ...
బిందె దించుతా విన్నాను.
రోజూ వినే అరుపే.

తరువాత వాడు మా వాకిట్లోనే కూచుని
చేతులు యాడ పెట్టుకోవాలో తెలీక
చెప్పులు చూసుకుంటా
"నల్లగా ఉండె కదక్కా, నీడే అనుకున్యా" అన్నాడు.
పదహారేండ్లుండవు. ఏమని తిట్టను?
మజ్జిగ ఇచ్చి పంపినాను.
ఆ మూడు బకెట్లు గుర్తొచ్చినాయి.

ఈ ఊర్లో పాతిపెట్టాలన్నా మన్ను తక్కువ.
రెండడుగులు తవ్వితే గడ్డపార ఖంగుమంటుంది.
ఓబులేసు ఇరవైయేండ్లుగా బండ కోసే మనిషి.
ఆ రెండడుగుల కాడ మోకాళ్లేసి
"ఇంకొంచెం లోతు, నక్కలొస్తాయి" అంటా
చీకటి పడేదాకా రాతితో గొడవ పడినాడు.
చివరికి అంచులు విరిగి
కొనేవాళ్లు లేక పారేసిన బండలు
ఒకదాని మీదొకటి పేర్చినాడు.
మట్టం కూడా సరిచూసినాడు.

మా అత్త నాగులమ్మ గదమాయించింది:
"కుక్కకింత ఏడుపేంది, పాలిచ్చేదా, పంట కాసేదా?"
ఆ రాత్రి కడుపులో బాగలేదని
తినకుండా పడుకుంది.
పొద్దున చూస్తే
వాడి సిమెంటు తొట్టిలో నీళ్లు నిండుగా ఉన్నాయి.
"పిచ్చుకలకు" అంది, నేను అడగకముందే.

వాకిలి చెక్కకు కిందివైపు
వాడు వీపు రుద్దుకున్న జిడ్డు మరక.
పండగొస్తే సబ్బు పెట్టి కడగాలని
ఆరేండ్లు అనుకున్నదాన్ని.

నాలుగు రోజులు అన్నమే వండినాను.
ఐదో రోజు సంకటి కెలికి
తెడ్డును వేలితో తుడిచినాను.
కాలింది, కానీ చప్పుడు కాలేదు.

నిన్న నాకు ఒళ్లు వెచ్చగా ఉంటే
పొయ్యి ముందు హారిక కూచుంది.
తొమ్మిదేండ్ల పిల్ల,
తెడ్డు రెండు చేతులా పట్టుకుని
నన్ను చూసి నేర్చుకున్నట్టే
కుండ అంచున
టక్, టక్.

ఓబులేసు తల ఎత్తినాడు.
అత్త ఆకు నమలడం ఆపింది.
అందరం వాకిలి వైపే.
పోయిన లారీ వెనక లేచిన తెల్లదుమ్ము
మళ్లీ కిందికి సర్దుకుంటోంది.

"రా" అన్నాను నేను, పైకే.
ఎవరూ ఏమని అడగలేదు.
హారిక అడుగు మాడు గీకి
ముద్ద చేసి
ఎవరి తట్టలో పెట్టాలో తెలీక
పట్టుకొనే ఉంది.